ఇంగ్లండ్ పల్లెసీమలో, సముద్ర తీరంలో చిన్న విరామ యాత్ర: ప్రణాళికా విధానం

11.1 పరిచయం

ముందు పాఠాల్లో బృంద పర్యటనలను గురించి, వారం పది రోజుల పాటు సాగే దీర్ఘ పర్యటనలను గురించి తెలుసుకున్నారు. ఈ పాఠంలో రెండు రాత్రులు, మూడు పగళ్ళకు మించని విరామ యాత్రను ఎలా ప్రణాళిక చేయాలో పరిశీలిద్దాం. ఇది చదివిన తర్వాత మీరు ఇంగ్లండ్ తీర ప్రాంతంలో ఒక చిన్న యాత్రకు తేదీని ఎంచుకోగలుగుతారు. ఆటుపోట్ల పట్టికను చదివి దానికి తగినట్లు రోజును అమర్చగలుగుతారు. ఏ ప్రదేశాన్ని కార్యక్రమంలో ఉంచాలి, దేన్ని వదిలేయాలి అనే విషయంలో కారణం చూపి నిర్ణయం తీసుకోగలుగుతారు.

చిన్న యాత్ర కాబట్టి ప్రణాళిక సులువని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇదే ఎక్కువ కష్టం. పది రోజుల యాత్రలో ఒక పూట వృథా అయితే మర్నాడు సర్దుకోవచ్చు. మూడు రోజుల యాత్రలో ఒక పూట పోవడమంటే మొత్తంలో ఆరో వంతు పోవడమే. పైగా విశ్రాంతి కోసం బయలుదేరినవారు బస్సు తప్పిపోయి, భోజనం దొరక్క, గదికి ఆలస్యంగా చేరితే ఇంటి దగ్గర ఉన్నప్పటి కంటే ఎక్కువ అలసిపోతారు.

ఇంగ్లండులో ఇటువంటి యాత్రలకు పాత చరిత్రే ఉంది. 1871లో చేసిన బ్యాంకు సెలవుల చట్టం సామాన్య ఉద్యోగులకు ఏడాదిలో కొన్ని సోమవారాలను సెలవులుగా ఇచ్చింది. శని, ఆదివారాలకు ఒక సోమవారం కలిస్తే మూడు రోజులు. రైలెక్కి సముద్రం ఒడ్డుకు పోయి రావడం అలా అలవాటైంది. జీతంతో కూడిన సెలవుల చట్టం 1938లో వచ్చింది. ఇప్పుడు అక్కడ వారానికి అయిదు రోజులు పనిచేసే ఉద్యోగికి చట్ట ప్రకారం ఏడాదికి కనీసం 28 రోజుల జీతపు సెలవు లభిస్తుంది. ఆ సెలవును ఒకేసారి వాడకుండా ముక్కలు చేసుకుని మూడేసి రోజులు వెళ్ళిరావడం అక్కడ మామూలు విషయం.

తెలుగు విద్యార్థికి దీనితో పనేమిటని మీకు సందేహం రావచ్చు. బ్రిటన్‌లో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు చాలామంది ఉన్నారు. వారి తల్లిదండ్రులు సందర్శక వీసా మీద వెళ్ళి కొన్ని నెలలు ఉండి వస్తుంటారు. పిల్లలకు దొరికేది వారాంతపు సెలవు మాత్రమే. ఆ వారాంతంలో అమ్మానాన్నలను ఎక్కడికి తీసుకెళ్ళాలి అనే ప్రశ్న పర్యాటక రంగంలో పనిచేసేవారికి తరచుగా ఎదురవుతుంది. ఈ పాఠంలోని నమూనా ప్రణాళిక అటువంటి ఒక కుటుంబానిదే.

11.2 ఎంచుకున్న ప్రాంతం: నార్తంబర్లాండ్ తీరం

ఇంగ్లండ్ తీరమంతటినీ ఒక పాఠంలో చెప్పబోతే ఏదీ తెలియదు. కాబట్టి ఈశాన్యాన, స్కాట్లండ్ సరిహద్దుకు ఆనుకుని ఉన్న నార్తంబర్లాండ్ తీరాన్ని తీసుకుందాం. దక్షిణాదిన కార్న్‌వాల్, డెవన్, డోర్సెట్ తీరాలకు పేరు ఎక్కువ, వేసవిలో రద్దీ కూడా ఎక్కువే. పశ్చిమాన లేక్ డిస్ట్రిక్ట్ కొండలు అందంగా ఉంటాయి గాని, అట్లాంటిక్ మీది నుంచి వచ్చే మేఘాలు ముందుగా అక్కడే కురుస్తాయి. తూర్పు తీరం కొండల చాటున ఉండటం వల్ల వాన తక్కువ. విశాలమైన ఇసుక తీరాలు, వాటి వెనుకే గొర్రెలు మేసే పచ్చిక పొలాలు, మధ్యలో కోటలు ఉంటాయి. పల్లెసీమ, సముద్రం పక్కపక్కనే ఉండటం చిన్న యాత్రకు పెద్ద సౌకర్యం. ఈ తీరాన్ని 1958లో విశిష్ట ప్రకృతి సౌందర్య ప్రాంతంగా ప్రకటించి రక్షిస్తున్నారు.

ముఖ్యమైన ఊళ్ళను దక్షిణం నుంచి ఉత్తరానికి వరుసగా గుర్తుంచుకోండి. రైల్వే స్టేషన్ ఉన్న ఆల్న్‌మౌత్, చేపల రేవు క్రాస్టర్, పడవలు బయలుదేరే సీహౌసెస్, కోట ఉన్న బాంబరో, ఆ తర్వాత హోలీ ఐలండ్ అనే లిండిస్‌ఫార్న్ ద్వీపం, చివరికి సరిహద్దు పట్టణం బెరిక్. ఆల్న్‌మౌత్‌కు కొద్ది మైళ్ళ లోపల ఉన్న కోట పట్టణం పేరును రాసిన అక్షరాల ప్రకారం ఆల్న్‌విక్ అని చదవబుద్ధవుతుంది గాని, అక్కడివారు అన్నిక్ అంటారు. బస్సు డ్రైవరును అడిగేటప్పుడు ఈ తేడా ఉపయోగపడుతుంది.

బాంబరో కోట నల్లని అగ్నిశిల మీద సముద్రానికి ఎదురుగా నిలబడి ఉంటుంది. శిథిలమైన దీన్ని 1894లో ఆర్మ్‌స్ట్రాంగ్ ప్రభువు అనే పారిశ్రామికవేత్త కొని బాగుచేయించాడు. ఈ ఊరిలోనే గ్రేస్ డార్లింగ్ సమాధి ఉంది. 1838 సెప్టెంబరు 7న ఫార్న్ ద్వీపాల దగ్గర ఫర్ఫార్‌షైర్ అనే ఓడ రాతికి కొట్టుకుని విరిగిపోతే, లైట్‌హౌస్ కాపలాదారు కూతురైన ఈమె తండ్రితో కలిసి తుపానులో చిన్న పడవ వేసుకుని వెళ్ళి ప్రాణాలు కాపాడింది. నాలుగేళ్ళ తర్వాత, 26 ఏళ్ళ వయసులో క్షయ వ్యాధితో చనిపోయింది. ఆమె పేరిట ఊరిలో చిన్న మ్యూజియం ఉంది. వాన పడే పూటకు అది మంచి ఆశ్రయం.

11.3 మొదటి కాగితం: ఆటుపోట్ల పట్టిక

యాత్రా ప్రణాళిక అనగానే మనం హోటల్ గదితో మొదలుపెడతాం. సముద్ర తీరానికి వెళ్ళేటప్పుడు ఆ క్రమం పనికిరాదు. ముందుగా మనం మార్చలేని వేళలు ఏవో చూడాలి. ఆ తర్వాతే డబ్బుతో కొనగలిగిన వాటి దగ్గరకు రావాలి. మార్చలేని వేళల్లో మొదటిది సముద్రపు పోటు.

లిండిస్‌ఫార్న్ ద్వీపం దీనికి చక్కని ఉదాహరణ. ప్రధాన భూభాగాన్నీ ద్వీపాన్నీ కలిపే రోడ్డు ఒకటుంది. ఇది వంతెన కాదు, సముద్రపు ఇసుక మీదుగా వేసిన దారి. రోజుకు రెండుసార్లు పోటు వచ్చినప్పుడు మునిగిపోతుంది. సుమారుగా చెప్పాలంటే, పోటు గరిష్ఠ స్థాయికి చేరడానికి రెండు గంటల ముందు నుంచి, ఆ తర్వాత మూడున్నర గంటల వరకు దారి మూసుకుపోయినట్లే. నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ ప్రతి రోజుకూ సురక్షిత వేళలను ముందుగానే ప్రకటిస్తుంది. అయినా ఏటా కొన్ని కార్లు నీళ్ళలో చిక్కుకుంటాయి. లైఫ్‌బోటు వచ్చి మనుషులను కాపాడుతుంది గాని, కారు ఉప్పునీటిలోనే ఉండిపోతుంది. చిక్కుకున్నవారు ఎక్కి కూర్చోవడానికి దారి పక్కన స్తంభాల మీద ఒక గది కూడా కట్టి ఉంచారు. ఇలా చిక్కుకోవడానికి పట్టిక చూడకపోవడం ఒక్కటే కారణం కాదు. "ఇంకా నీళ్ళు పైకి రాలేదు కదా, అయిదు నిమిషాల్లో దాటేస్తాం" అనే లెక్క కూడా ఒక కారణం. చదునైన ఇసుక మీద నీరు ఎదురుగా మాత్రమే రాదు, పక్కల నుంచి కాలువలుగా చేరుతుంది.

పోటు వేళ రోజూ ఒకేలా ఉండదు. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. అంటే ఈ రోజు వచ్చిన వేళకు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. చంద్రుడు రోజూ ఆలస్యంగా ఉదయించడానికీ దీనికీ కారణం ఒక్కటే. అమావాస్య, పౌర్ణమి తర్వాత పోటు ఎత్తుగానూ, అష్టమి ప్రాంతాల్లో తక్కువగానూ ఉంటుంది. మన తీరంలో వేటకు వెళ్ళేవారికి ఈ సంగతి పుస్తకం చూడకుండానే తెలుసు.

ఇప్పుడు ఒక లెక్క చూద్దాం. ఒక శనివారం ఉదయం 11:30కు పోటు గరిష్ఠంగా ఉంటుందనుకోండి. పైన చెప్పిన సూత్రం ప్రకారం 9:30 నుంచి మధ్యాహ్నం 3:00 వరకు దారి మూసి ఉంటుంది. ద్వీపం చూడాలంటే తెల్లవారుజామునే బయలుదేరి 9:30 లోపల దాటాలి, లేదా 3:00 తర్వాత వెళ్ళాలి. విశ్రాంతి కోసం వెళ్ళినవారికి రెండూ ఇబ్బందే. అదే మరుసటి శనివారం అయితే? ఏడు రోజులకు ఏడు యాభైలు, అంటే 350 నిమిషాలు, దాదాపు ఆరు గంటలు. పోటు సాయంత్రం 5:20కు జరుగుతుంది. దానికి ముందరి పోటు తెల్లవారుజామున 4:55 ప్రాంతంలో వస్తుంది. అప్పుడు ఉదయం 8:25 నుంచి మధ్యాహ్నం 3:20 వరకు దారి తెరిచి ఉంటుంది. యాత్రను ఒక్క వారం జరిపితే చాలు, అదే ద్వీపం, అదే ఖర్చుతో, హడావుడి లేకుండా చూడవచ్చు. తేదీని ముందు ఖాయం చేసుకుని తర్వాత పట్టిక చూసేవారికి ఈ అవకాశం ఉండదు.

ఈ లెక్క అర్థం చేసుకోవడానికి మాత్రమే. అసలు ప్రయాణానికి కౌన్సిల్ ప్రకటించిన వేళలనే పాటించాలి. గాలి బలంగా ఉన్నప్పుడు, వాతావరణ పీడనం తగ్గినప్పుడు నీరు చెప్పిన వేళకంటే ముందే రావచ్చు. మరొక జాగ్రత్త కూడా ఉంది. బ్రిటన్‌లో మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం వరకు గడియారాలు ఒక గంట ముందుకు నడుస్తాయి. కొన్ని పోటు పట్టికలు ఏడాదంతా గ్రీనిచ్ కాలమానంలోనే ముద్రితమవుతాయి. అటువంటి పట్టికలో వేసవి వేళలకు మీరే ఒక గంట కలపాలి. పట్టిక పైభాగంలో ఏ కాలమానమో రాసి ఉంటుంది. అంకెల కంటే ముందు అది చదవండి.

ద్వీపంలో రాత్రి ఉండగలిగితే మూసుకుపోయే దారే వరమవుతుంది. సుమారు 150 మంది మాత్రమే కాపురముండే ఆ ఊరు పగలు వేల మంది సందర్శకులతో నిండుతుంది. దారి మూసే వేళ దగ్గర పడగానే కార్లన్నీ వెళ్ళిపోతాయి. ఆ తర్వాత అక్కడ మిగిలేది సముద్రపు పక్షుల అరుపు, సీల్ జంతువుల మూలుగు. విశ్రాంతి మాత్రమే కోరేవారికి ఈ తీరంలో నేను మొదట సూచించేది ఇదే. గదులు చాలా తక్కువ కాబట్టి కొన్ని నెలల ముందే తీసుకోవాలి.

మీ ప్రగతిని సరిచూసుకోండి
అ. పోటు వేళ రోజుకు సుమారు ఎన్ని నిమిషాలు జరుగుతుంది?
ఆ. ఒక బుధవారం పోటు మధ్యాహ్నం 2:00కు గరిష్ఠంగా ఉంటే, ఆ రోజు ఏ వేళల మధ్య ద్వీపపు దారి మూసి ఉంటుంది?

11.4 వెలుతురు, వాతావరణం

మార్చలేని రెండో విషయం పగటి నిడివి. హైదరాబాద్‌లో జూన్ పగటికీ డిసెంబరు పగటికీ తేడా రెండు గంటలకు కాస్త ఎక్కువ. నార్తంబర్లాండ్ 55 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉంది. అక్కడ జూన్ చివరలో పగలు 17 గంటలకు పైగా, డిసెంబరు చివరలో 7 గంటల ప్రాంతంలో ఉంటుంది. జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నరకు కూడా ఎండ పొడ ఉంటుంది. డిసెంబరులో మధ్యాహ్నం మూడున్నర దాటితే చీకటే. శీతాకాలంలో చవకగా గది దొరికిందని వెళ్ళినవారు బస చేరేసరికే మొదటి రోజు అయిపోతుంది. మే, జూన్, సెప్టెంబరు నెలలు ఈ తీరానికి అనువైనవి. జూలై చివర నుంచి ఆగస్టు మొత్తం అక్కడి బడులకు సెలవులు. గదుల అద్దె పెరుగుతుంది, దారులు నిండుతాయి.

వేసవి అన్నంత మాత్రాన వేడి ఉంటుందని భ్రమపడకూడదు. ఆగస్టులో కూడా ఇక్కడి సముద్రపు నీరు 14 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఊళ్ళ లోపల ఎండ కాస్తున్న రోజునే తీరంలో సముద్రం మీది నుంచి చల్లని పొగమంచు రావచ్చు. అక్కడివారు దాన్ని ఫ్రెట్ అంటారు. ఒక మైలు లోపలికి వెళితే మళ్ళీ ఎండ ఉంటుంది. కాబట్టి ప్రతి రోజుకూ తీరంలో ఒక కార్యక్రమం, దానికి బదులుగా లోపలి ఊరిలో ఒక కార్యక్రమం సిద్ధంగా ఉంచుకోవాలి. అన్నిక్‌లోని పాత రైల్వే స్టేషన్‌లో ఉన్న బార్టర్ బుక్స్ అనే పాత పుస్తకాల దుకాణం అలాంటి చోటు. చలిమంట, కుర్చీలు, టీ అన్నీ ఉంటాయి. "ప్రశాంతంగా ఉండండి, పని సాగించండి" అనే అర్థం వచ్చే ఎర్రని పోస్టరును కప్పుల మీద, చొక్కాల మీద మీరు చూసే ఉంటారు. 1939లో ముద్రించిన ఆ పోస్టరు ప్రతి ఒకటి 2000లో ఈ దుకాణంలోనే పాత పుస్తకాల పెట్టె అడుగున దొరికింది. అక్కడి నుంచే అది ప్రపంచమంతా పాకింది.

11.5 చేరుకోవడం

లండన్ కింగ్స్ క్రాస్ స్టేషన్ నుంచి న్యూకాసిల్‌కు రైలులో దాదాపు మూడు గంటలు. అక్కడి నుంచి ఆల్న్‌మౌత్ మరో అరగంట. దూరపు రైళ్ళకు ముందస్తు టికెట్లు సాధారణంగా 12 వారాల ముందు నుంచి అమ్ముతారు. ఇవి చవక, కాని ఆ ఒక్క రైలుకే చెల్లుతాయి. ఇద్దరు కలిసి ప్రయాణించేవారికి, 60 ఏళ్ళు దాటినవారికి రైల్‌కార్డులు ఉన్నాయి. వాటితో ఛార్జీలో మూడో వంతు తగ్గుతుంది. ఆదివారాల్లో పట్టాల మరమ్మతుల వల్ల కొన్నిచోట్ల రైలుకు బదులు బస్సు నడుపుతారు. తిరుగు ప్రయాణం సాధారణంగా ఆదివారమే కాబట్టి ఇది ముందే చూసుకోవాలి.

పల్లెలకు రైలు ఎందుకు లేదంటే, 1963లో బీచింగ్ నివేదిక వచ్చాక నష్టాల్లో ఉన్న అనేక చిన్న రైలు మార్గాలను మూసేశారు. అన్నిక్ మార్గం 1968లో మూతపడింది. అందుకే అక్కడి స్టేషన్ పుస్తకాల దుకాణమైంది. ఇప్పుడు తీరం వెంట ఊళ్ళను కలిపేది బస్సు. ఇంగ్లండులో పాల్గొనే సంస్థల బస్సుల్లో ఒకసారి ప్రయాణానికి గరిష్ఠ ఛార్జీని ప్రభుత్వం 2023 జనవరిలో 2 పౌండ్లుగా నిర్ణయించి, 2025 జనవరి నుంచి 3 పౌండ్లు చేసింది. ధర బాగానే ఉంది, కాని చివరి బస్సు సాయంత్రమే వెళ్ళిపోతుంది. రాత్రి భోజనం చేసి బస్సులో తిరిగి వద్దామనుకునే ప్రణాళిక ఇక్కడ సాగదు. బెరిక్ నుంచి ద్వీపానికి వెళ్ళే బస్సు వేళలైతే పోటును బట్టి రోజు రోజుకూ మారతాయి.

పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు కారు సుఖం. భారతీయ డ్రైవింగ్ లైసెన్సుతో సందర్శకులు 12 నెలల వరకు బ్రిటన్‌లో కారు నడపవచ్చు, అయితే అద్దెకిచ్చే సంస్థలు వయసు, అనుభవం విషయంలో తమ షరతులు పెడతాయి. మనలాగే ఎడమ పక్కన నడపడం కలిసొచ్చే విషయం. పల్లె దారులు మాత్రం ఒకే కారు పట్టేంత ఇరుకుగా, రెండు పక్కలా ఎత్తైన కంచెలతో ఉంటాయి. ఎదురు బండి వస్తే పక్కకు తప్పుకునే చోటు దాకా వెనక్కి నడపాల్సి రావచ్చు. ఫోనులో చూపే ప్రయాణ సమయానికి మూడో వంతు కలుపుకుని లెక్క వేయండి.

గమనిక: బ్రిటన్‌లో ఒక వ్యాపారి రవాణాను, బసను కలిపి ఒకే యాత్రగా అమ్మితే, 2018 నాటి ప్యాకేజీ ప్రయాణ నిబంధనల కిందికి వస్తుంది. ఏ సేవలో లోపం జరిగినా బాధ్యత నిర్వాహకుడిదే. ఏజెన్సీ ఉద్యోగానికి వెళ్ళేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

11.6 బస, భోజనం

పల్లెల్లో బస అంటే ఎక్కువగా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్ ఇళ్ళు. ఇంటివారు కొన్ని గదులు అద్దెకిచ్చి ఉదయం ఫలహారం పెడతారు. మధ్యాహ్నం మూడు నాలుగు గంటల తర్వాతే గది ఇస్తారు, మర్నాడు పది పదకొండు గంటలకు ఖాళీ చేయాలి. మన దగ్గరి ఇరవై నాలుగు గంటల పద్ధతి అక్కడ లేదు. వారాంతాల్లో రెండు రాత్రులకు తక్కువైతే ఇవ్వని ఇళ్ళు చాలా ఉన్నాయి. పాత ఇళ్ళలో మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి, లిఫ్టు ఉండదు. మోకాళ్ళ నొప్పులున్నవారికి కింది అంతస్తు గది కావాలని ముందే అడగాలి. వెళ్ళాక అడిగితే ప్రయోజనం లేదు.

భోజనం దగ్గర మనవాళ్ళు ఎక్కువగా ఇబ్బంది పడేది రెండు విషయాల్లో. మొదటిది వేళ. పల్లెల్లో పబ్బులే భోజనశాలలు. మద్యం తాగనివారు, పిల్లలతో వచ్చినవారు కూడా అక్కడే తింటారు, అందులో తప్పుపట్టే పని లేదు. చాలాచోట్ల కౌంటరు దగ్గరకు వెళ్ళి చెప్పి డబ్బు కట్టాలి, బల్ల దగ్గరకు ఎవరూ రారు. వంటగది రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య మూసేస్తారు. తొమ్మిదికి అన్నం తినే అలవాటున్న మన కుటుంబం ఆ వేళకు వెళితే ఉప్పు చల్లిన బంగాళాదుంప చిప్స్ పొట్లాలే దొరుకుతాయి. చక్కెర వ్యాధికి మందు వేసుకునేవారు వెంట ఉంటే ఇది చిన్న విషయం కాదు.

రెండోది వంటనూనె. చేపలు, బంగాళాదుంప ముక్కలు వేయించి అమ్మే దుకాణాలు ప్రతి తీరపు ఊరిలో ఉంటాయి. ఉత్తర ఇంగ్లండులో చాలా దుకాణాల్లో వేయించడానికి ఆవు కొవ్వు వాడతారు. బంగాళాదుంపే కదా అని శాకాహారులు తినేస్తుంటారు. "దేనిలో వేయిస్తారు?" అని అడిగితే దాచకుండా చెబుతారు. కూరగాయల నూనె వాడే దుకాణాలూ ఉన్నాయి. మాంసాహారులు క్రాస్టర్‌లో కిప్పర్లు రుచి చూడవచ్చు. హెర్రింగ్ చేపను వీపు వైపు నుంచి చీల్చి, ఉప్పునీటిలో నానబెట్టి, ఓక్ చెక్క పొగలో గంటల తరబడి ఉంచుతారు. 1856లో కట్టిన పొగగదిలో ఈ పని ఇంకా సాగుతోంది.

11.7 నడక దారులు

ఇంగ్లండ్ పల్లెసీమను అనుభవించడానికి డబ్బు పెట్టనక్కర లేని మార్గం నడక. ప్రైవేటు పొలాల గుండా వెళ్ళే ప్రజా కాలిబాటల్లో నడిచే హక్కు అక్కడ చట్టబద్ధం. 1949లో చేసిన చట్టం ఈ బాటలను నమోదు చేయించింది. పసుపు బాణం గుర్తు కాలినడకకు, నీలి బాణం గుర్రాలు, సైకిళ్ళు కూడా వెళ్ళగల బాటకు సూచన. పొలం గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, మూసి ఉంటే దాటాక మూయాలి. కారణం గొర్రెలు, ఆవులే. ఆర్డ్‌నెన్స్ సర్వే వారి 1:25,000 పటంలో ఈ బాటలు కనబడతాయి. పటంలో 4 సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు.

సమయం అంచనాకు 1892లో నైస్మిత్ అనే పర్వతారోహకుడు చెప్పిన సూత్రాన్ని నేటికీ వాడతారు. గంటకు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఇది దృఢంగా ఉన్నవారి నడక. అరవై దాటినవారితో వెళ్ళేటప్పుడు దాన్ని రెట్టింపు చేసుకోవడం మంచిది. క్రాస్టర్ నుంచి డన్‌స్టన్‌బరా కోటకు సముద్రం పక్కన గడ్డి నేల మీద నడక రెండు కిలోమీటర్లే, దాదాపు చదునుగా ఉంటుంది. కోట దాకా వాహనం వెళ్ళే దారి లేదు కాబట్టి అక్కడ హారన్ మోత ఉండదు. 1313లో లాంకాస్టర్ ప్రభువు థామస్ దీన్ని కట్టించడం మొదలుపెట్టాడు. రాజు మీద తిరగబడి ఓడిపోయి 1322లో తల నరికించుకున్నాడు. కోట మాత్రం గాలికి ఎదురుగా ఇంకా నిలిచి ఉంది.

11.8 ఒక నమూనా ప్రణాళిక

న్యూకాసిల్‌లో ఉద్యోగం చేస్తున్న అబ్బాయి, ఖమ్మం నుంచి వచ్చిన అతని తల్లిదండ్రులు అనుకుందాం. అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, నాన్నగారికి చక్కెర వ్యాధి. తిరుగు ప్రయాణానికి మూడు వారాలే ఉంది. మళ్ళీ వస్తారో లేదో తెలియదు. కాబట్టి అబ్బాయి పట్టీ రాసుకుని వచ్చాడు: అన్నిక్ కోట, బాంబరో కోట, ఫార్న్ ద్వీపాల పక్షులు, లిండిస్‌ఫార్న్, డన్‌స్టన్‌బరా, తిరిగి వచ్చేటప్పుడు హేడ్రియన్ గోడ. మూడు రోజుల్లో ఇవన్నీ కారులో తిప్పడం అసాధ్యమేమీ కాదు. కాని అమ్మగారికి గుర్తుండేది కారు ఎక్కడం, దిగడం. ఇక్కడ ప్రణాళికాకర్త పని ఆ పట్టీని తగ్గించడం. అది మొహమాటం లేకుండా చేయాలి.

ముందు తేదీ. 11.3లో చూసిన రెండు శనివారాల్లో రెండోదే ఎంచుకుంటాం. బాంబరోలో కింది అంతస్తు గదులు రెండు రాత్రులకు. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి న్యూకాసిల్‌లో బయలుదేరితే 80 కిలోమీటర్లు దాటి నాలుగింటికి తాపీగా చేరవచ్చు. ఆ సాయంత్రం ఏ కార్యక్రమమూ పెట్టకూడదు. కోట కింద ఇసుకలో కాసేపు నడిచి, ఆరున్నరకు భోజనం. బల్ల ముందే చెప్పి ఉంచుకోవాలి.

శనివారం తొమ్మిదిన్నరకు బయలుదేరి పది దాటాక ద్వీపం. క్రీస్తుశకం 635లో ఏడన్ అనే సన్యాసి ఇక్కడ మఠం స్థాపించాడు. 793లో వైకింగులు దాన్ని దోచుకున్నారు. ఇప్పుడు కనిపించే శిథిలాలు తర్వాతి కాలపు మఠానివి. ద్వీపం చివర గుట్ట మీద ఉన్న చిన్న కోటను ఇరవయ్యో శతాబ్దం మొదట్లో నివాసంగా మలిచింది ఎడ్విన్ లుట్యెన్స్. ఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌నూ, నిజాం కోసం హైదరాబాద్ హౌస్‌నూ రూపొందించిన వాస్తుశిల్పి ఆయనే. ఈ ముక్క ముందే చెబితే ఆ కోట మన పెద్దవాళ్ళకు పరాయిదిగా అనిపించదు. అమ్మగారు గుట్ట ఎక్కనక్కర లేదు, ఊరిలో బెంచీ మీద కూర్చుంటే కోట, సముద్రం రెండూ కనబడతాయి. మధ్యాహ్న భోజనం అక్కడే. దారి 3:20కు మూస్తారు కాబట్టి 2:30కే కారు కదలాలి. ఆ యాభై నిమిషాలు వృథా కావు. చివరి వేళకు అందరూ ఒకేసారి బయలుదేరితే ఇరుకు దారిలో బారులు తీరుతాయి. తిరిగి వచ్చి నిద్ర.

ఆదివారం పదింటికి గది ఖాళీ చేసి క్రాస్టర్‌కు. తండ్రీ కొడుకులు కోట దాకా నడిచి వస్తారు. అమ్మగారు సగం దూరం నడిచి రేవుకు తిరిగి రావచ్చు, లేదా రేవులోనే ఉండవచ్చు. ఒంటిగంటకు భోజనం, నాలుగింటికల్లా న్యూకాసిల్.

వదిలేసినవి ఏవి? అన్నిక్ కోట పెద్దది, దానికి సగం రోజు కావాలి. అయితే అది న్యూకాసిల్‌కు దగ్గరే, మరో రోజు వెళ్ళిరావచ్చు. హేడ్రియన్ గోడ వేరే దిక్కున ఉంది. ఫార్న్ పడవను వదలడం కష్టమైన నిర్ణయం. పఫిన్ పక్షులు ఏప్రిల్ నుంచి జూలై వరకే ఉంటాయి. అయినా ఎగుడుదిగుడు సముద్రంలో చిన్న పడవ మీదికి ఎక్కి దిగడం మోకాళ్ళు నొప్పులున్నవారికి కుదరదు, గాలి ఎక్కువైతే పడవలే బయలుదేరవు. కుటుంబంలో పక్షుల మీద మక్కువ ఉన్నవారుంటే నేను డన్‌స్టన్‌బరాను తీసేసి పడవను ఉంచుతాను. ఇక్కడ ఒకటే సరైన జవాబు లేదు, కారణం చెప్పగలగాలి.

11.9 అభ్యాసం

ఒక శుక్రవారం పోటు ఉదయం 9:00కు గరిష్ఠంగా ఉంది. బెరిక్‌లో బస చేసిన దంపతులకు కారు లేదు, ఇద్దరూ శాకాహారులు, నెల అక్టోబరు. శని, ఆదివారాల్లో పోటు వేళలను లెక్కగట్టండి. ఏ రోజున వారు ద్వీపానికి వెళ్ళడం మేలు, అసలు వెళ్ళడం మేలేనా, ఎన్ని గంటలకు తిరిగి బయలుదేరాలి, రాత్రి భోజనం ఎక్కడ, ఎన్నింటికి అనే విషయాలను చేర్చి ఒక పేజీ ప్రణాళిక రాయండి. మీరు వదిలేసిన ప్రదేశం ఒకటైనా అందులో ఉండాలి, ఎందుకు వదిలేశారో పక్కనే రాయాలి.